స్ట్రాండు వీధి మేడమీది పూటకూళ్ళ ఇల్లు

తెలుగువారికి హోటలంటే తినే చోటు. పడుకునే చోటు కావాలంటే లాడ్జి అంటాం. ఈ దేశానికి వచ్చిన కొత్తలో “నిన్న హోటల్లో భోంచేశాం” అని చెబితే, ఆస్పత్రిలో తోటివారు “అయ్యో, ఇంకా ఇల్లు దొరకలేదా?” అని జాలిపడేవారు. వారి హోటలూ మన హోటలూ ఒకే గుమ్మంలో కలిసిన చోటు లండనులో ఒకటి ఉండేది. స్ట్రాండు వీధి, 143వ నెంబరు. దుకాణాల మధ్య ఒక ఇరుకు గుమ్మం, పైన హోటల్ స్ట్రాండ్ కాంటినెంటల్ అని బోర్డు. తెలియనివారు చూడకుండానే దాటిపోయేవారు. తెలిసినవారు నిటారుగా ఉన్న మెట్లెక్కి, మొదటి అంతస్తులో చిన్న బారు దాటుకొని, రెండో అంతస్తులో భోజనశాలకు చేరేవారు. దాని పేరు ఇండియా క్లబ్. 2023 సెప్టెంబరు 17న అది మూతపడింది.

మూతపడిన హోటలు గురించి చరిత్ర వ్యాసమేమిటి, రాజులూ యుద్ధాలూ అయిపోయాయా అని మన సభ్యుల్లో కొందరు అనవచ్చు. కాని తెలుగు సాహిత్యంలో మనకు మిగిలిన మంచి చరిత్రల్లో పూటకూళ్ళ ఇంటి చరిత్ర ఒకటి. వినుకొండ వల్లభరాయని పేరున ఉన్న క్రీడాభిరామంలో మంచనశర్మా, టిట్టిభసెట్టీ ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. ఆ తిరుగుడులో పూటకూటి ఇంటి ప్రసక్తి వస్తుంది. భోజనం ఖరీదు ఒక రూక. ఆ రూకకు గోధుమపిండి వంట, పంచదార, పెసరపప్పు, అరటిపళ్ళు, నంజుకునేవి నాలుగైదు, పెరుగు. వడ్డించే ఇంటి యజమాని పేరుతో సహా కవి చెప్పాడు. కాకతీయుల కోట కూలిపోయినా ఆ విస్తరిలో ఏమేమి పడిందో మనకు తెలుసు. గురజాడవారి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ లేకపోతే ఆ నాటకం సగం ఖాళీ. అలాంటి జాతికి, పరాయి దేశంలో ఏడు దశాబ్దాలు నడిచిన ఒక పూటకూళ్ళ ఇంటి గురించి నాలుగు పేజీలు వ్రాసుకునే హక్కు ఉందని మా నమ్మకం.

లండనులో ఈ కథ ఇండియా క్లబ్బుతో మొదలు కాలేదు. భారతీయుడు నడిపిన మొదటి భోజనశాల 1810లో పోర్ట్‌మన్ స్క్వేరు దగ్గర జార్జి వీధిలో తెరిచారు. పెట్టినవాడు పాట్నాలో 1759లో పుట్టిన దీన్ మహమ్మద్. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసి, ఐర్లండు వెళ్ళి, 1794లో కార్క్ నగరంలో తన ప్రయాణాల పుస్తకం అచ్చువేశాడు. ఇంగ్లీషులో ఒక భారతీయుడు వ్రాసి ప్రచురించిన మొదటి పుస్తకం అదే. తరువాత లండను చేరి హిందూస్తానీ కాఫీ హౌస్ పెట్టాడు. పేరు కాఫీ హౌస్ అయినా అందులో కూరలూ పులావులూ హుక్కాలూ ఉండేవి. ఇండియాలో డబ్బు సంపాదించి తిరిగివచ్చిన దొరలు వస్తారని అతని ఆశ. ఆ దొరలకేమో ఇండియా నుంచి వెంట తెచ్చుకున్న వంటవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. 1812లో దీన్ మహమ్మద్ దివాలా తీశాడు.

ఇక్కడ మా వృత్తివారు కొంచెం ఆగాలి. హోటలు పోయిన తరువాత ఆయన బ్రైటన్ వెళ్ళి ఆవిరిస్నానం, ఒళ్ళు పట్టడం వృత్తిగా పెట్టుకున్నాడు. మనం తలంటు అనుకునే షాంపూ అన్న మాట అప్పట్లో ఒళ్ళు పట్టడానికే వాడేవారు. నాలుగో జార్జి, నాలుగో విలియం రాజులకు షాంపూయింగ్ సర్జన్ అనిపించుకొని 1851లో కన్నుమూశాడు. ఆయన మనుమడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ లండను గైస్ ఆస్పత్రిలో డాక్టరు. నాడిని కాగితం మీద గీసే యంత్రాన్ని బాగుచేసి, మూత్రపిండాలు చెడకముందే రక్తపోటు హెచ్చుగా ఉండే మనుషులు ఉంటారని చూపించినవారిలో ఆయన ముఖ్యుడు. 1884లో టైఫాయిడ్‌తో 35వ ఏట పోయాడు. ఈ రోజు మనం క్లినిక్కులో ఇరవై మందికి బీపీ చూస్తున్నామంటే, ఆ దారి వేసినవారిలో ఒక దివాలా తీసిన హోటలు యజమాని మనుమడు ఉన్నాడు. వైద్య కళాశాలలో ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు.

ఆ తరువాత శతాబ్దం దాకా చెప్పుకోదగ్గవి తక్కువ. 1920 ప్రాంతంలో జెరార్డు వీధిలో షఫీ అనే హోటలు భారతీయ విద్యార్థులకు కూడలి. ఆ వీధి తరువాత చైనా వారి వీధి అయిపోయింది. తూర్పు లండనులో కమర్షియల్ వీధిలో సిల్హెట్ జిల్లావాడైన అయూబ్ అలీ షా జలాల్ పేరుతో నడిపిన చోట ఓడలు విడిచిపెట్టి వచ్చిన కళాసీలకు అన్నం పెట్టేవారు, కాగితాలు రాసిపెట్టేవారు. 1943లో కళాసీల సంక్షేమ సంఘం పెట్టినవారిలో ఆయన ఒకరు. ఈనాడు మన ఊళ్ళలో ఇండియన్ అని బోర్డు ఉన్న హోటళ్ళలో చాలాభాగం సిల్హెటీ బంగ్లాదేశీయులవని మనకు తెలిసిందే. వాటి వేళ్ళు ఆ కళాసీల దాకా పోతాయి.

1926లో రీజెంటు వీధిలో, అదీ మేడమీదే, వీరాస్వామి వచ్చింది. పేరు చూసి మనవాళ్ళెవరో అనుకోవడం సహజం. పెట్టినవాడు ఎడ్వర్డ్ పామర్. నిజాముకు అప్పులిచ్చి హైదరాబాదు చరిత్రకెక్కిన విలియం పామర్ వంశీకుడు. ఆ విలియం పామర్ తండ్రి ఇంగ్లీషు సేనాని, తల్లి ఫైజ్ బక్ష్ బేగం. ఎడ్వర్డ్ అంతకుముందే నిజాం అనే మార్కుతో మసాలాలూ పచ్చళ్ళూ అమ్మేవాడు. అంటే లండనులోని అతి పాత ఇండియన్ హోటళ్ళలో ఒకదానికి హైదరాబాదుతో చుట్టరికం ఉంది. అయితే అది తెల్ల టేబులుగుడ్డల హోటలు. కన్సల్టెంటు ఉద్యోగం వచ్చిన రోజున వెళ్ళవలసిందే తప్ప, నెలాఖరున వెళ్ళేది కాదు.

నెలాఖరున వెళ్ళేది ఇండియా క్లబ్బుకు.

1951లో దాన్ని స్థాపించినది ఇండియా లీగు వారు. ఆ లీగు అంటే వి.కె. కృష్ణమీనన్. 1924లో లండను వచ్చిన మీనన్ ఇండియా స్వాతంత్ర్యం కోసం ఇంగ్లీషువారి మధ్యనే ఇరవై ఏళ్ళకు పైగా ప్రచారం నడిపాడు. సెయింట్ పాంక్రాస్ బరో కౌన్సిలరుగా 1934 నుంచి 1947 దాకా ఉన్నాడు. పెలికాన్ పుస్తకాలకు తొలి సంపాదకుల్లో ఒకడు. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి హైకమిషనరై 1952 దాకా పనిచేశాడు. వ్యవస్థాపక సభ్యుల్లో నెహ్రూ, లేడీ మౌంట్‌బాటెన్ ఉన్నారని క్లబ్బువారు చెప్పుకునేవారు. శశి థరూర్ తండ్రి చంద్రన్ థరూర్ కూడా మొదటివారిలో ఒకరని కుమారుడే చెప్పారు. మీనన్ భోజనప్రియుడు కాడు. టీ మీదా బిస్కట్ల మీదా రోజులు గడిపే మనిషని ఆయనను ఎరిగినవారు వ్రాశారు. మా దగ్గరికి రోగిగా వస్తే గట్టిగా కేకలు వేసి ఉండేవాళ్ళం. అలా సరిగా తినని మనిషి పూనిక మీద పుట్టిన భోజనశాల డెబ్బై రెండేళ్ళు నడవడం ఒక విచిత్రం.

మొదట క్రేవెన్ వీధిలో ఉండి, 1960ల్లో స్ట్రాండుకు మారింది. మారిన చోటు మంచి చోటు. పక్కనే ఆల్డ్‌విచ్‌లో ఇండియా హౌస్, అంటే మన హైకమిషను భవనం. కూతవేటులో బీబీసీ ప్రపంచ ప్రసారాల బుష్ హౌస్, కింగ్స్ కాలేజీ, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్. పాస్‌పోర్టు పని మీద ఇండియా హౌసుకు వచ్చినవాడు వరసలో నిలబడి నిలబడి మధ్యాహ్నానికి బయటపడితే ఎదురుగా దొరికే మనవాళ్ళ తిండి అదే. హిందీలో వార్తలు చదివి వచ్చినవారూ, పార్లమెంటులో ప్రశ్న వేయించాలని తిరిగేవారూ, చదువుకునే పిల్లలూ అక్కడే. ఇండియన్ జర్నలిస్టు సంఘం, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ వంటివి అక్కడ సమావేశాలు పెట్టుకునేవి. గది అద్దె లేదు, టీ డబ్బులు ఉంటే చాలు.

మా ముందుతరం డాక్టర్లు ఆ చోటును మరోరకంగా చెప్పేవారు. 1960ల్లో గుంటూరు నుంచీ విశాఖ నుంచీ హైదరాబాదు నుంచీ వచ్చినవారికి నగరాల్లో పెద్ద ఆస్పత్రులు దక్కలేదు. సముద్రపు ఒడ్డున ముసలివారి వార్డులు, బొగ్గుగనుల ఊళ్ళలో మానసిక రోగుల ఆస్పత్రులు దక్కాయి. ఉద్యోగం ఆరు నెలలు. ఆరు నెలలకో ఊరు, ఊరికో అద్దె గది, గదికో ఇంటావిడ, ఆవిడకు పోపు వాసన పడదు. వెల్లుల్లి సంగతి చెప్పనక్కరలేదు. అటువంటివారికి చిరునామా మారని చోటు ఒకటి కావాలి. ఫలానా శనివారం పన్నెండు గంటలకు క్లబ్బు మెట్ల దగ్గర అని ఉత్తరం వ్రాసుకుంటే చాలు, వేర్వేరు ఊళ్ళ నుంచి రైలెక్కి నలుగురు కలిసేవారు. ఒకరి ఆస్పత్రిలో ఖాళీ ఉన్న సంగతి మరొకరికి అక్కడే తెలిసేది. 1975లో జనరల్ మెడికల్ కౌన్సిలు మన పట్టాలకు ఉన్న పూర్తి గుర్తింపు తీసివేసి పరీక్ష పెట్టినప్పుడు, ఎవరు కూర్చోవాలి, ఎవరికి అక్కరలేదు అన్న చర్చ ఆ టేబుళ్ళ మీదే ఎన్నో శనివారాలు సాగిందని పెద్దలొకరు మాకు చెప్పారు. ఒక పెళ్ళి సంబంధం కూడా కుదిరిందట. పెళ్ళికూతురి తండ్రి లండనులో ఉన్న కుర్రవాణ్ణి చూసి రమ్మని పంపిన మనిషి, కుర్రవాడు సాంబారు తాగిన తీరు చూసి సరే అన్నాడట.

మాకు ఆ చోటు తెలిసింది పరీక్ష నెగ్గిన తరువాత. అప్పట్లో రిజిస్ట్రేషను ముందు యూస్టన్ రోడ్డులో కౌన్సిలు ఆఫీసుకు స్వయంగా వెళ్ళి, అసలు పట్టాలూ పాస్‌పోర్టూ చూపించి, ఫోటో దిగిరావాలి. పని పావుగంటలో అయిపోయింది. ఇంత పావుగంట కోసమా మూడేళ్ళు చదివింది అనిపించింది. సాయంత్రం దాకా రైలు లేదు. మా సీనియరు ఒకాయన ఫోనులో “స్ట్రాండుకు వెళ్ళండి, మెట్లెక్కండి, మిరపకాయ బజ్జీ అడగండి” అన్నారు. వీధి పేరు సరే, లండను నడిబొడ్డున మిరపకాయ బజ్జీ అనగానే నమ్మలేదు. మెనూ కార్డులో నిజంగానే చిల్లీ భాజీ అని ఉంది. అది గోదావరి గట్టు మీద బండి బజ్జీ కాదు. వాము లేదు, ఉల్లిపాయ ముక్కలు కూరలేదు, నిమ్మకాయ పిండలేదు. మిరపకాయ మాత్రం మిరపకాయే. పక్క టేబులు దగ్గర ఒక ఇంగ్లీషు దంపతులు ఒక్కటి కొరికి కళ్ళ నీళ్ళు పెట్టుకొని, మళ్ళీ ఇంకో ప్లేటు తెప్పించుకున్నారు. ఆ రోజు మాకు ఈ దేశం మీద కొంత ఆశ కలిగింది.

గది గురించి చెప్పాలి. గోడలకు గాంధీగారు, దాదాభాయి నౌరోజీ మొదలైనవారి పటాలు. ఫార్మైకా బల్లలు, నిటారు వీపు కుర్చీలు. చాలాకాలం సర్వర్లు తెల్లకోట్లు వేసుకునేవారు. ఇంగ్లండు ఆస్పత్రుల్లో 2007 తరువాత క్రిమి భయంతో డాక్టర్ల తెల్లకోట్లు పోయాయి గనుక, మమ్మల్ని చూసి మా అమ్మానాన్నలు డాక్టర్లని పోల్చుకోలేకపోయేవారు. ఇండియా క్లబ్బు సర్వరును చూస్తే పోల్చుకునేవారేమో. ఒకే వంటింట్లోంచి మసాలా దోసె, బటర్ చికెన్, వేటమాంసం భునా, కొబ్బరి పచ్చడి వచ్చేవి. మందు కావాలంటే క్రింది బారులో కొనుక్కొని పైకి తెచ్చుకోవడమో, సీసా ఇంటి నుంచి వెంట తెచ్చుకోవడమో.

రుచి కోసం వెళ్ళామని చెబితే అబద్ధం. దోసె మన దోసెకన్న మందం, సాంబారు పలుచన. ఈస్ట్‌హామ్‌లోనో టూటింగ్‌లోనో అంతకన్న మంచి దోసె దొరుకుతుంది, ఇంకా ఎక్కువ రకాలు దొరుకుతాయి. ఈ మాట అన్నందుకు పెద్దలు కొందరు మా మీద కోప్పడవచ్చు. వారికి 1968లో తిన్న దోసె గుర్తు. వారం రోజులు ఉడికిన క్యాబేజీ తిన్న నాలుకకు దొరికిన దోసె అది. దానితో పోటీ పెట్టడం ఎవరి తరమూ కాదు. మా తరానికి అక్కడ దొరికింది వేరు. ఒంటరిగా వెళ్ళి ఒక దోసె తిని రెండు గంటలు కూర్చున్నా ఎవరూ బిల్లు తెచ్చి ముందు పెట్టేవారు కాదు. రాత్రి డ్యూటీ దిగి ఎవరితోనూ మాట్లాడకుండా మనవాళ్ళ చప్పుడు మధ్య కూర్చోవాలనిపించే రోజులు ఉంటాయి. అటువంటి రోజుకు మందు మా పుస్తకాల్లో లేదు.

మరి ఇంతమంది ప్రేమించిన చోటు ఎందుకు పోయింది? మరణ ధృవీకరణ పత్రం నింపడం మాకు అలవాటే. మొదటి గడిలో చివరి దెబ్బ ఏమిటో, దాని క్రింద దానికి దారితీసిన అసలు జబ్బు ఏమిటో వ్రాయాలి. దీన్ మహమ్మద్ హోటలుకైతే చివరి దెబ్బ దివాలా, అసలు జబ్బు గిరాకీ లేకపోవడం. ఇండియా క్లబ్బుకు గిరాకీ లేకపోవడం అన్నది లేదు. మూసే ముందు వారాల్లో మెట్ల మీదుగా వీధిలోకి వరసలు నిలబడ్డాయి. చివరి దెబ్బ లీజు. అసలు జబ్బు చౌక.

వివరంగా చెబుతాం. ఆ తిండి చౌకగా ఉండడానికి కారణం అది మేడమీద పాత భవనంలో, పాత బల్లలతో, పాత అద్దెతో నడవడం. ఆ చౌక వల్లనే విద్యార్థీ, గుమాస్తా, ఉద్యోగం లేని డాక్టరూ అక్కడ చేరారు, వాళ్ళు చేరడం వల్లనే దానికి చరిత్ర వచ్చింది. ఇంకోపక్క స్ట్రాండులో గజం నేల విలువ ఏటేటా పెరిగింది. ఆ నేల మీద కొత్త హోటలు కడితే వచ్చే డబ్బు ముందు దోసెలమ్మితే వచ్చే అద్దె ఎంత? 1997లో మూతకు దగ్గరగా ఉన్న క్లబ్బును ఒక కుటుంబం తీసుకొని, భార్యాభర్తలూ కూతురూ కలిసి పావు శతాబ్దం నడిపారు. వారిది చేతగానితనం కాదు. ధరలు పెంచితే క్లబ్బు క్లబ్బు కాదు, పెంచకపోతే అద్దె కట్టలేరు.

భవన యజమానులు దాన్ని ఆధునిక హోటలుగా మార్చాలని దరఖాస్తు పెట్టినప్పుడు అభ్యంతరం చెబుతూ ఇరవై ఆరు వేలకు పైగా జనం సంతకాలు చేశారు. మన సంఘంలోనూ కాగితం తిరిగింది. 2018 ఆగస్టులో వెస్ట్‌మినిస్టర్ కౌన్సిలు అనుమతి నిరాకరించింది. సాంస్కృతికంగా ముఖ్యమైన చోటు పోతుందన్నది కారణాల్లో ఒకటి. ఆ సాయంత్రం మనవాళ్ళు చాలామంది గెలిచామనుకున్నారు. ఆ ఏడే భవనాన్ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చమన్న విజ్ఞప్తి మాత్రం నెగ్గలేదు. మరుసటి ఏడు నేషనల్ ట్రస్టు వారు క్లబ్బు చరిత్ర మీద ప్రదర్శన పెట్టారు. ప్రదర్శన పెట్టారంటే ప్రాణం మీదికి వచ్చిందన్నమాటే అని ఒక మిత్రుడన్నాడు. అప్పుడు నవ్వాం.

ఇక్కడి చట్టం తీరు తెలుసుకోవలసినది. కట్టడానికి రక్షణ ఉంటుంది, స్తంభానికి ఉంటుంది, కిటికీకి ఉంటుంది. లోపల వండే మనిషికి ఉండదు. 1954 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం ప్రకారం వ్యాపారం చేసే అద్దెదారుకు లీజు మళ్ళీ ఇమ్మని అడిగే హక్కు ఉంది. కాని భవనం పడగొట్టడమో పెద్దయెత్తున మార్చడమో చేస్తామని యజమాని కోర్టులో నిరూపిస్తే ఆ హక్కు ఆగిపోతుంది. దానికి ఇచ్చే నష్టపరిహారం ఆ స్థలం పన్ను విలువను బట్టి లెక్క. ఎంతమంది ఆకలి తీర్చారు, ఎందరికి ఉద్యోగాలు చెప్పారు అన్నవి అందులో రావు. వీరాస్వామి సంగతే చూడండి. 2016లో మిషెలిన్ నక్షత్రం వచ్చిన హోటలు అది. దానికీ 2025లో అదే తగాదా. భవనం బాగుచేసుకోవాలి, లీజు పొడిగించం అని రాజుగారి ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేటు వారు అనడంతో వ్యవహారం కోర్టుకెక్కింది. తెల్ల టేబులుగుడ్డ అయినా ఫార్మైకా బల్ల అయినా నేల మనది కానప్పుడు ఒక్కటే.

ఇది ఇంగ్లీషువారి గుణమని అనుకోవద్దు. మద్రాసులో చదివినవారూ, అక్కడి సినిమా రోజులు ఎరిగినవారూ కథీడ్రల్ రోడ్డులో ఉడ్‌లాండ్స్ డ్రైవిన్ మరిచిపోలేరు. 1962లో పెట్టారు. చెట్ల క్రింద కారు ఆపితే కిటికీకి పళ్ళెం తగిలించి ఇడ్లీ వడ్డించేవారు. కారు లేనివారు లోపల కూర్చుని గంటలకొద్దీ కథలు చెప్పుకునేవారు. ఆ నేల కూడా లీజుదే. ప్రభుత్వం తిరిగి తీసుకోవడంతో 2008లో మూతపడింది, అక్కడ 2010లో సెమ్మొళి పూంగా అనే తోట వెలిసింది. తోట చక్కగా ఉంటుందని వెళ్ళినవారు చెబుతారు. హైదరాబాదు ఆబిడ్స్‌లో మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు కూర్చున్న ఓరియంట్ హోటలూ లేదు. మా తండ్రుల తరం ఆ పేరు చెబితే చాలు, అక్కడి టీ గురించి అరగంట.

క్లబ్బు పోవడానికి మనమూ కొంత కారణమా అన్న ప్రశ్న మన సమావేశంలో ఒకరు లేవదీశారు. అందులో న్యాయముంది. పాస్‌పోర్టు పనులు బయటి ఏజెన్సీకి అప్పగించాక మనం ఆల్డ్‌విచ్ వైపు వెళ్ళడమే తగ్గింది. 2012లో బీబీసీ బుష్ హౌస్ ఖాళీచేసింది. శివార్లలో ఇళ్ళు కొనుక్కున్నాం, ఇంట్లో గ్రైండరు వచ్చింది, ఫోనులో నొక్కితే బిర్యానీ గుమ్మంలోకి వస్తోంది. పిల్లలను తీసుకొని రైలెక్కి, నిటారు మెట్లెక్కి, మందపు దోసె తినిపించడానికి వెళ్ళే ఓపిక ఎందరికుంది? ఏడాదికి ఒకసారి వెళ్ళి, వచ్చిన చుట్టాలకు చూపించి, ఫోటో తీసుకొని వచ్చేవాళ్ళం. గుడికి వెళ్ళినట్టే. అయినా మా అభిప్రాయం, మనం వారానికోసారి వెళ్ళినా లీజు లెక్క మారేది కాదు. జబ్బుకు మందు లేదని తెలిసినప్పుడు బంధువులు తమను తాము నిందించుకోవడం మేము రోజూ చూస్తూనే ఉంటాం.

మా చేతిలో ఉన్న పని ఒకటుంది. దీన్ మహమ్మద్ హోటలు వంటకాల పట్టిక చేతిరాత ప్రతి ఒకటి ఒక పాత పుస్తకంలో దొరికింది. 2018లో లండను పుస్తకాల సంతలో అది 8,500 పౌండ్లకు అమ్ముడుపోయింది. అనాసపండు పులావు ఒక పౌనూ పదహారు షిల్లింగులని అందులో ఉంది. రెండు శతాబ్దాల క్రితం రెండేళ్ళు నడిచి దివాలా తీసిన హోటల్లో ఏది ఎంతకు అమ్మారో ఇప్పుడు ఎవరైనా చెప్పగలరు. డెబ్బై రెండేళ్ళు నడిచిన ఇండియా క్లబ్బులో మన పెద్దలు 1968లో దోసెకు ఎంత ఇచ్చారని అడిగితే, ముగ్గురు మూడు ధరలు చెప్పారు, ముగ్గురూ పందెం కాస్తామన్నారు. అప్పట్లో వచ్చిన డాక్టర్లు ఇప్పుడు ఎనభైలు దాటారు. మన సభ్యుల ఇళ్ళలో పాత డైరీలో గాని, ఇంటికి వ్రాసిన ఉత్తరాల్లో గాని, అటకమీది పెట్టెలో గాని క్లబ్బు మెనూ కార్డు, బిల్లు, మెట్ల దగ్గర తీసుకున్న ఫోటో ఉంటే సంపాదకులకు ఒక నకలు పంపవలసిందని ప్రార్థన. మెనూ లేకపోయినా, ఎవరితో వెళ్ళారో, ఏమి తిన్నారో, ఎంత ఇచ్చారో ఒక కాగితం మీద వ్రాసి పంపినా చాలు.

మా వంతు మేము వెతికాం. మూసే ముందు వారంలో వరసలో నిలబడి తిన్న భోజనానికి కార్డు మిషను ఇచ్చిన చీటీ ఒకటి పర్సులో దొరికింది. ఆ వేడికాగితం మీద అక్షరాలు అప్పుడే సగం తెల్లబోయాయి, తేదీ మాత్రం ఆనుతోంది. మసాలా దోసెలు రెండు, మిరపకాయ బజ్జీ ఒక ప్లేటు, కాఫీలు రెండు అని దాని వెనక పెన్నుతో వ్రాసి పెట్టాం.